మోకాలిలో పదకొండో మెట్టు

మధ్యాహ్నం రెండు దాటాక ఆ వీధి మీద ఎవరో తడిగుడ్డ కప్పినట్టు ఉంటుంది. బడి పిల్లలు ఇంకా తిరిగి రారు. పొద్దున వెళ్ళిన బళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. ఎదురింటి కిటికీ రెక్క ఒకసారి కదిలి, తన కదలికకు తానే సిగ్గుపడినట్టు ఆగిపోతుంది.

అలాంటి మధ్యాహ్నం, ఆపరేషన్ అయిన పదకొండో రోజున, మేస్త్రీ కుడి మోకాలు మొదటిసారి చప్పుడు చేసింది.

మంచం మీద వెల్లకిలా పడుకుని, కాలు కొంచెం పక్కకు జరుపుదామని తొడ బిగించాడు. కట్టు కింద, వాపు కింద, ఎక్కడో లోతున, చిన్న చప్పుడు.

టక్.

మేస్త్రీ ఊపిరి బిగబట్టాడు. ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. నలభై ఏళ్ళు అతను నేలలు పరిచాడు. మొదట్లో బండలు, తర్వాత టైళ్ళు. పరిచిన ప్రతి బండనీ తాపీ పిడితో తట్టి, చెవి వంచి విన్నాడు. కింద సిమెంటు నిండుగా ఉన్న బండ 'తప్' అంటుంది, కడుపు నిండిన మనిషిలా. కింద ఖాళీ ఉన్న బండ 'టక్' అంటుంది. దాన్ని బోలు అంటారు. బోలు బండ పైకి అందంగానే ఉంటుంది. మట్టం చూసినా తేడా తెలియదు. దాని సంగతి తెలిసేది చెవికి, ఆ తర్వాత ఎప్పుడో ఎవరిదో పాదానికి.

ఊళ్ళో అతన్ని అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. భార్య వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకుంది. మేస్త్రీ, ఇస్త్రీ అని జనం నవ్వుకునేవారు. ఒకరు నేలను సాఫు చేస్తే ఇంకొకరు బట్టను సాఫు చేస్తారని, ఆ ఇంట్లో ముడత పడిన వస్తువు ఒక్క మేస్త్రీ మొహమేనని భార్య కూడా అనేది.

నేలలు పరిచేవాడికి మోకాళ్ళే పాదాలు. మేస్త్రీ తన జీవితంలో నడిచిన దూరం కంటే మోకాళ్ళ మీద జరిగిన దూరమే ఎక్కువ. అందుకే అవి ముందే అరిగాయి. కుడిది పూర్తిగా. తీసేసి కొత్తది పెట్టాలన్నారు. పెట్టారు.

మత్తు దిగాక పెద్ద డాక్టరు మంచం పక్కన నిలబడి సరదాగా అన్న మాట ఒకటుంది. "ఇది మీ పనే మేస్త్రీగారూ. అరిగిపోయిన గచ్చు చెక్కేశాం. సిమెంటు వేశాం. కొత్త బండ కూర్చోబెట్టాం. అంతే."

ఇంకెవరైనా అయితే నవ్వి మర్చిపోయేవారు. మేస్త్రీ నవ్వలేదు. సిమెంటా అని అడిగాడు. అవును, ఎముకలకు వాడే సిమెంటు వేరే ఉంటుందన్నాడు డాక్టరు. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే అతనికి మిగతాదంతా తెలిసిపోయింది.

కొత్తగా పరిచిన నేల మీద మూడు రోజులు ఎవరూ అడుగు పెట్టకూడదు. తాడు కట్టాలి. తడి గోనెలు కప్పాలి. ఇరవై ఒక్క రోజుల దాకా బరువు పెట్టకూడదు. తొందరపడితే బండ కదులుతుంది, కింద ఖాళీ ఏర్పడుతుంది, ఇక అది జన్మంతా బోలుగానే ఉంటుంది.

ఆసుపత్రిలో మర్నాడే నిలబెట్టి నాలుగడుగులు వేయించారు. వాళ్ళకు తెలియదులే అనుకుని, బరువంతా ఎడమ కాలి మీద, చేతికర్ర మీద మోపాడు. ఇంటికి వచ్చాక మోకాలికి కనిపించని తాడు కట్టేశాడు. మంచు సంచిని తడిగోనె అనుకున్నాడు. మోకాలు బుస్సున ఉబ్బి ఉంది, చెయ్యి పెడితే కాలుతోంది. అది కూడా అతనికి అర్థమైనట్టే అనిపించింది. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఎంత వేడి ఉంటే లోపల అంత పచ్చిగా ఉన్నట్టు. వేడి చల్లారేదాకా కదపకూడదు.

ఇప్పుడు ఈ టక్. అంటే అప్పటికే కదిలిందన్నమాట.

కుట్ల నొప్పి కత్తిలా ఉండేది. వాపు నొప్పి వేరు. అది బయట నిలబడి తలుపు కొట్టే మనిషిలా, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒకసారి, ఆగకుండా, కోపం లేకుండా కొట్టేది. ఎవరు అని అడగడానికి మేస్త్రీకి భయం వేసేది. ఎందుకంటే అదెవరో అతనికి తెలుసు.

*

ఫిజియో అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. పాతికేళ్ళు ఉంటాయేమో. భుజానికి సంచి, చేతిలో మోకాలు ఎంత వంగుతోందో కొలిచే రెండు పుల్లల ప్లాస్టిక్ కోణమానిని. మేస్త్రీని బాబాయ్ అనేది, అతని భార్యని పిన్నీ అనేది.

"మడమ పరుపు మీదే ఉండాలి బాబాయ్. మెల్లగా మీ వైపు లాక్కోండి. నొప్పి వస్తుంది, రానివ్వండి. పూటకి ఇరవై, రోజుకి మూడు పూటలు."

"చేస్తున్నాను తల్లీ."

కోణమానిని మోకాలి పక్కన పెట్టేది. రెండో వారం యాభై డిగ్రీలు. మూడో వారం యాభై. నాలుగో వారం నలభై ఎనిమిది.

"తగ్గుతోందేంటి?" అమ్మాయి మళ్ళీ కొలిచింది. "ఆరు వారాలకి తొంభై రావాలి. రాకపోతే డాక్టరుగారు మళ్ళీ మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుంది. అది మీకు వద్దు బాబాయ్, నాకూ వద్దు. నిజంగా చేస్తున్నారా?"

"మీ పిన్నినడుగు. లెక్క వినిపిస్తూనే ఉంటుంది."

"వినిపిస్తోందమ్మా," అంది భార్య గుమ్మంలోంచి. "ఒకటి నుంచి ఇరవై దాకా. ఎక్కడా తడబడడు."

తొంభై అంటే ఏమిటో మేస్త్రీకి ఎవరూ చెప్పక్కర్లేదు. గోడకీ గోడకీ మధ్య మూల సరిగ్గా ఉందో లేదో చూసే ఇనుప మూలమట్టం అతని పనిసంచిలో మంచం కిందే ఉంది.

"మా క్లినిక్‌కి వస్తే అక్కడ మంచి యంత్రం ఉంది," అంది అమ్మాయి. "ఆటోలో తీసుకురండి పిన్నీ. మెట్లు ఎక్కితే చాలు."

"మోకాళ్ళ వైద్యం మేడ మీద పెట్టినవాళ్ళని మిమ్మల్నే చూశాను," అంది భార్య.

"ఎక్కగలిగితే సగం నయమైనట్టే కదా అని." అమ్మాయి నవ్వింది. "పాత టీచరమ్మ మేడ. తెలుసుగా?"

మేస్త్రీ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నొప్పి వచ్చిందనుకుని ఇద్దరూ ఊరుకున్నారు.

*

టీచరమ్మ మేడకు బయటి మెట్లు మేస్త్రీ వేసినవే. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం, మొదటిసారి సొంతంగా ఒప్పుకున్న పని. పద్దెనిమిది మెట్లు, నల్లబండ. ఆఖరి బండ కూర్చోబెట్టిన మర్నాడు సాయంత్రం టీచరమ్మ కింద నిలబడింది. చేతిలో జవాబు పత్రాల కట్ట. ఆవిడ గది పైన.

"పైకి పోవచ్చా నాయనా? రేపటికి దిద్ది ఇవ్వాలి."

"ఇంకా రెండు రోజులు ఆగాలి టీచరమ్మా."

ఆవిడ సరేనంది. కానీ కదల్లేదు. కట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఆ మార్చుకోవడం చూడలేక మేస్త్రీ తాడు పైకెత్తి పట్టుకున్నాడు. "గోడ వారన వెళ్ళండి. ఏం కాదులెండి."

మర్నాడు పొద్దున తాపీ పిడితో ఒక్కో మెట్టూ తట్టుకుంటూ ఎక్కాడు. తప్, తప్, తప్. పదకొండోది టక్ అంది. ఇంకోసారి తట్టాడు. ఇంకోసారి. మిగులు బండ లేదు. ఊడదీస్తే పగులుతుంది. అవతల ఇంకో పని ఎదురు చూస్తోంది. బండ కింద ఖాళీ ఎవరికి కనిపిస్తుంది?

పద్నాలుగు నెలల తర్వాత ఆ బండ ఆవిడ పాదం కింద ఊగింది. కుడి మోకాలి చిప్ప మూడు ముక్కలైంది. మేస్త్రీ చూడ్డానికి వెళితే ఆవిడే ఓదార్చింది. "మెట్టు కాదు నాయనా. నా కళ్ళే. దీపం లేకుండా దిగాను." మేస్త్రీ కొత్త బండ తెచ్చి వేశాడు. ఆవిడ ఇచ్చిన టీ తాగాడు. చెప్పాల్సిన మాట టీతో పాటు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పాతికేళ్ళు, బడి వదిలేవేళకు, ఆవిడ చేతికర్ర ఈ వీధిలోంచే వెళ్ళేది. టక్. టక్. ఇస్త్రీ బండి దాటేదాకా మేస్త్రీ, ఇంట్లో ఉంటే, ఏ పని చేస్తున్నా చెయ్యి ఆపేసేవాడు. ఆవిడ పోయి అయిదేళ్ళు. కర్ర ఎవరు తీసుకున్నారో తెలియదు. ఇప్పుడు తెలిసినట్టుంది. మధ్యాహ్నం రెండు దాటాక, వీధి మీద తడిగుడ్డ పరుచుకున్నాక, అది అతని మోకాలిలోంచి నడుచుకుంటూ వెళుతోంది.

*

అయిదో వారం మొదట్లో ఒక సాయంత్రం భార్య మంచం కాళ్ళ దగ్గర నిలబడి చాలాసేపు దుప్పటి వైపు చూసింది.

"ఈ దుప్పటి ఎప్పుడు వేశాను?"

"మొన్న."

"ఇస్త్రీ చేసి వేశాను. రెండు రోజులు, ఆరు పూటలు, పూటకి ఇరవై. నూట ఇరవై సార్లు మడమ ఈడ్చిన దుప్పటి ఎలా ఉండాలయ్యా? దీన్ని ఇలాగే మడత పెట్టి ఎవరింటికైనా ఇచ్చి రావచ్చు."

మేస్త్రీ ఇంటికప్పు వైపు చూశాడు.

"లెక్క మాత్రం అప్పజెప్పావు. చిన్నప్పుడు బడికి వెళ్ళుంటే ఎక్కాలకి బహుమతి వచ్చేది నీకు."

"లోపల పచ్చిగా ఉందే."

"ఏంటి పచ్చి?"

"సిమెంటు. చెయ్యి పెట్టి చూడు, ఎలా కాలుతోందో. ఆరకముందు కదిపితే పాడైపోతుంది."

ఆవిడ మంచం మీద కూర్చుని మోకాలి మీద అరచెయ్యి ఆనించింది. వేడి గురించి ఆవిడకు తెలియనిది లేదు. ఏ బట్టకు ఎంత కావాలో చెంప దగ్గర పెట్టుకుని చెప్పగలదు.

"నా ఇస్త్రీ పెట్టె కూడా కాలుతుంది. దాని కడుపులో సిమెంటుందా?"

అతను నవ్వలేదు. ఆవిడ చెయ్యి తీయలేదు. అరచేతి కింద మోకాలు కొట్టుకుంటోంది.

"నవ్వకపోతే పోనీ. ఏమైందో చెప్పు."

"చప్పుడు చేస్తోంది," అన్నాడు. అని, ముప్పై ఒక్క ఏళ్ళు మోసింది అంతా చెప్పాడు. తాడు, కట్ట, పదకొండో మెట్టు, టీ. చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు. ఇంత చిన్నదా ఇది అని అతనికే ఆశ్చర్యం వేసింది.

బయట ఎవరో ఇస్త్రీ బట్టల కోసం పిలిచారు. ఆవిడ పలకలేదు.

"టీచరమ్మ చీరలు నా దగ్గరికే వచ్చేవి," అంది చివరికి. "కుడి పక్క అంచు ఎప్పుడూ చిరిగి ఉండేది. కర్ర తగిలి తగిలి. ఎన్నిసార్లు కుట్టి ఇచ్చానో. నీకు చూపించాను కూడా ఒకసారి."

"చూపించావు."

"ఏమన్నావప్పుడు?"

"గుర్తు లేదు."

"ఏమీ అనలేదు. లేచి బయటికి వెళ్ళావు." ఆవిడ దుప్పటి మీద లేని ముడతను చేత్తో సవరించింది. "ఇప్పుడు లేచి వెళ్ళలేవుగా. రేపు ఆ పిల్ల వస్తుంది. చప్పుడు సంగతీ సిమెంటు సంగతీ నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

*

అమ్మాయి ముందు నవ్వింది. తర్వాత మేస్త్రీ మొహం చూసి నవ్వు మింగేసి, స్టూలు దగ్గరికి లాక్కుంది.

"బాబాయ్, ఆ సిమెంటు పావుగంటలో బిగుసుకుంటుంది. మిమ్మల్ని బల్ల మీంచి దించకముందే అయిపోయింది. అందుకే మర్నాడే నడిపించారు."

"పావుగంటలోనా?" మేస్త్రీ వృత్తి గౌరవం కొంచెం దెబ్బతింది. "ఏం సిమెంటు అది?"

"మరి ఈ వేడి?" అంది భార్య.

"అది ఒంటి వేడి పిన్నీ. ఎముక కోశారు, కండ తప్పించారు. ఒళ్ళు ఇంకా అక్కడ పని చేస్తూనే ఉంది. వాపూ వేడీ కొన్ని నెలలు ఉంటాయి, మెల్లగా తగ్గుతాయి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, ఎరుపు పాకినా, పిక్క పట్టేసి నొప్పి పుట్టినా వెంటనే చెప్పాలి. ఇప్పుడు అవేవీ లేవు. లోపల గట్టిపడుతున్నది సిమెంటు కాదు బాబాయ్, మీ కండ. కదపకపోతే గాయం మానుతూ మానుతూ బిగుసుకుపోతుంది. దాన్నే మీరు ఇన్నాళ్ళూ కాపలా కాశారు."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"చప్పుడో?"

"పైన లోహం, కింద ప్లాస్టిక్. మధ్యలో కాస్త సందు ఉంటుంది. కదిలినప్పుడు తగిలి చప్పుడవుతుంది. సందు లేకపోతే వంగదు కదా."

ఎండ తగిలే డాబా మీద టైలుకీ టైలుకీ మధ్య సందు వదలకపోతే వేసవిలో అవి ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. ఆ మాట అతను ఎంతమంది ఇంటివాళ్ళతో చెప్పాడో. "ఎంత వదిలారు?" అని అడిగాడు. అమ్మాయికి తెలియదు. అయినా అతను తలూపాడు.

"పోతుందా చప్పుడు?"

"కొంతమందికి పోతుంది. కొంతమందికి ఉండిపోతుంది."

ఆరు వారాలు నిండడానికి ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి.

ఆ రోజుల్లో మేస్త్రీ కాలిని కాదు, ముప్పై ఏళ్ళ నాటి తలుపునేదో తీయడానికి లాగినట్టు లాగాడు. మడమ ఒక వేలెడు జరిగేసరికి కళ్ళ ముందు తెల్లగా మెరిసేది. ఇంకో వేలెడుకి చెవుల్లో నీళ్ళ హోరు. మోకాలు ఉబ్బి, పగటి వెలుగులో తళతళలాడుతూ, తన ఒంటిది కాని పండులా కనిపించేది. లెక్క ఇప్పుడు తడబడుతోంది. ఆరు తర్వాత ఎనిమిది వచ్చేది, కొన్నిసార్లు మళ్ళీ నాలుగు. ప్రతి లాగుకీ లోపల టక్. ప్రతి టక్‌కీ ఎవరో ఒక మెట్టు ఎక్కినట్టు. ఆవిడే. జవాబు పత్రాల కట్టతో. ఆగమని చెప్పడానికి ఇప్పుడు అతని దగ్గర తాడు లేదు.

"పచ్చి అబద్ధాలు చెప్పినప్పుడు లెక్క బాగా వచ్చేది," అనేది భార్య, నలిగిన దుప్పటి తీసుకుపోతూ. రోజూ ఇస్త్రీ చేసి మళ్ళీ వేసేది. యాభై ఎనిమిది. అరవై ఏడు. డెబ్బై నాలుగు. మూలమట్టం తెప్పించుకుని మోకాలి వెనక పెట్టి చూసుకునేవాడు. ఇనుముకీ పిక్కకీ మధ్య వెలుతురు. రోజూ కొంచెం సన్నబడుతున్న వెలుతురు.

ఆరు వారాలు నిండే రోజున అమ్మాయి ఫోన్ చేసింది. "ఆఖరి కొలత యంత్రం మీద చూసి డాక్టరుగారికి చెప్పాలి. మేడ మీదికి రాగలరా బాబాయ్?"

భార్య అతని వైపు చూసింది.

"వస్తామని చెప్పు," అన్నాడు.

*

పొద్దున పది గంటలకు ఎండ మెట్ల మీద సగం దాకా దిగి ఉంది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. అమ్మాయి పై నుంచి గుర్తు చేసింది. భార్య రెండు మెట్ల కింద, అతను పడితే తానేమీ పట్టలేనని తెలిసి కూడా, చేతులు చాచి నిలబడింది.

ఎడమ కాలు. కుడి కాలు. టక్. ఎడమ. కుడి. టక్. అతను లెక్కపెట్టుకోలేదు. అయినా పదో మెట్టు మీద కాళ్ళు వాటంతటవే ఆగాయి.

పదకొండో బండ మిగతావాటి కంటే ఒక ఛాయ తక్కువ నలుపు. ముప్పై వానాకాలాలు తడిసినా వాటిలో కలవలేదు. చేతికర్ర మొనతో తట్టాడు. తప్. ఇంకోసారి. తప్. మార్చి వేసిన బండని మాత్రం నిండుగానే వేశాడు.

అప్పుడు గోడ కనిపించింది. పదకొండో మెట్టు పక్కన, నడుము ఎత్తులో, అరచెయ్యంత మేర సున్నం అరిగి నున్నగా మెరుస్తోంది. పై మెట్ల దగ్గర లేదు, కింది మెట్ల దగ్గర లేదు. ఒక్క అక్కడే. పాతికేళ్ళు, రోజుకి రెండుసార్లు, ఒకే మనిషి చెయ్యి, ఒకే చోట ఆనుకుంది. దీపం లేక పడిన మనిషి పట్టపగలు కూడా ఆ ఒక్క మెట్టు దగ్గరే ఎందుకు గోడ పట్టుకుంటుంది?

మేస్త్రీ అక్కడ తన చెయ్యి ఆనించాడు. గోడ చల్లగా ఉంది.

"ఏమయ్యా, కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు."

పదకొండో మెట్టు మీద ముందుగా కుడి కాలే పెట్టాడు. పై నుంచి అమ్మాయి ఏదో అనబోయింది. ఒంటి బరువంతా దాని మీద వేశాడు. నొప్పి తొడ దాకా ఎగబాకింది. బండ పలకలేదు. మోకాలు పలికింది.

పైన యంత్రం అతని కాలిని పది నిమిషాలు మెల్లగా వంచింది. తర్వాత అమ్మాయి రెండు చేతులతో వంచింది. మేస్త్రీ కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. కోణమానిని పెట్టి చూసి, వంగి ఇంకోసారి చూసింది.

"ఎనభై ఎనిమిది." గొంతు తగ్గించింది. "తొంభై అని చెప్పేస్తాను బాబాయ్. రెండే కదా. మళ్ళీ ఆ మత్తూ అదీ ఎందుకు? ఎవరికీ తెలియదు."

"వద్దు తల్లీ," అన్నాడు మేస్త్రీ. "రెండు తక్కువుందని చెప్పు."

"వంచుతామంటేనో?"

"వంచనీ. ఉన్నది చెప్పు."

అమ్మాయి ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. అంకె చెప్పింది. అటు నుంచి ఏదో అడిగారు. లేదు సార్, జ్వరం లేదు, వాపు ఉంది, వంపు మొదటి నుంచీ కాదు, ఈ పది రోజుల్లోనే పెరిగింది సార్, అంది. కాసేపు విని, ఫోన్ పెట్టేసి, వెనక్కి తిరిగింది.

"మత్తు అక్కర్లేదట. పది రోజుల్లో నలభై పెంచుకున్నవాడు ఆ రెండూ తెచ్చుకుంటాడులే అన్నారు. కానీ లెక్క కాదు, కాలు కదపమని చెప్పమన్నారు."

"ఆయనకి కూడా చెప్పావా ఆ సంగతి?" మేస్త్రీ సిగ్గుపడ్డాడు. భార్య పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

దిగేటప్పుడు ఆవిడే ముందు దిగి కింద ఆటో దగ్గర నిలబడింది. మేస్త్రీ ఒక్కొక్క మెట్టూ దిగుతూ నున్నటి గోడ దగ్గరికి వచ్చి ఆగాడు. చెయ్యి ఆనించాడు. మొదటిసారి కంటే ఇప్పుడు అది కొంచెం వెచ్చగా ఉంది. ఎండ జరిగి ఉంటుంది.

"ఆ రోజు మీ కళ్ళు కాదు టీచరమ్మా," అన్నాడు మెల్లగా. "మెట్టే. నాకు తెలుసు."

మెట్ల మీద ఎండ కదల్లేదు. పైన గదిలో యంత్రం ఇంకెవరి కాలినో వంచుతూ మూలుగుతోంది.

"ఎవరితో మాట్లాడుతున్నావయ్యా?"

"దిగుతున్నాను," అన్నాడు.

ఆపరేషన్ కాలు ముందు పెట్టాడు. టక్. ఆగి విన్నాడు. తర్వాత ఇంకో మెట్టు. టక్. తనకు ఒక మెట్టు ముందుగా ఎవరో గోడ పట్టుకుని నిదానంగా దిగుతున్నట్టు, తొందరపడకుండా, ఆ వెనకే దిగాడు.